“మీరేం పని చేస్తారు?” – వెల్డింగ్ పొగ, లోహపు నుసి, మన మెదడు

(చెన్నై అంబత్తూరులో ఒక శనివారం సాయంత్రం తెలుగు కుటుంబాలు కలిసి పెట్టుకున్న సమావేశంలో, బయోకెమిస్ట్రీ బోధించి రిటైరైన ఒక అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. వెల్డింగ్ షెడ్డు నుంచి నేరుగా వచ్చినవాళ్లున్నారు, బట్టలు మార్చుకునే టైము కూడా దొరికుండదు. ఏం పర్లేదు, అలాగే కూర్చోండి. ఇవాళ నేను మాట్లాడేది ఆ బట్టల మీద ఉన్న నుసి గురించే.

నన్ను పిలిచినవాళ్లు ‘లోహ నానోకణాల విషప్రభావాలు’ అని టాపిక్ రాసి పంపారు. ఆ పేరు చూసి ఇదేదో లేబొరేటరీ వ్యవహారం, మనకెందుకులే అనుకోవద్దు. ఈ మండపం బయట, ఈ వీధిలోనే, రోజూ పొద్దున తొమ్మిదింటి నుంచి అవి తయారవుతున్నాయి. ఎలాగో చెప్తాను. దానికన్నా ముందు మా మామయ్య గురించి చెప్పాలి.

మా మేనమామ గూడూరు పక్క పల్లెటూరి నుంచి 1974లో మద్రాసు వచ్చాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఇక్కడి పాడి ప్రాంతంలో ఒక షెడ్డులో హెల్పరుగా చేరి, రెండేళ్లలో వెల్డింగ్ హోల్డరు చేతికి తీసుకున్నాడు. అక్కణ్నుంచి ముప్పై రెండేళ్లు అదే పని. గేట్లు, గ్రిల్లులు, లారీ బాడీలు, నీళ్ల ట్యాంకులు. ట్యాంకు లోపల కూర్చుని వెల్డింగ్ చెయ్యడమంటే ఏమిటో ఇక్కడున్న సగం మందికి నేను చెప్పక్కర్లేదు. సాయంత్రం ఆయన గుమ్మంలోకి వస్తే మనిషి కన్నా ముందు వాసన వచ్చేది, కాలిన ఇనుము వాసన. అత్తయ్య ఆ చొక్కాని పెరట్లో విదిలించేది. ఎండ పొడలో ఆ నుసి సన్నగా మెరుస్తూ చాలాసేపు గాల్లోనే ఉండేది, కిందికి దిగేది కాదు. పిల్లలం, మాకది అందంగా ఉండేది. చేతులు చాపి పట్టుకోబోయేవాళ్లం.

ప్లేటు మీద సుద్దముక్కతో గీత గీస్తే మామయ్యకి స్కేలు అక్కర్లేదనేవాళ్లు. యాభై రెండో ఏట ఆ గీత వంకరపోవడం మొదలైంది. తర్వాత మొహంలో నవ్వు పోయింది. అత్తయ్య “నా మీద కోపమొచ్చిందా?” అని అడిగేది. ఆయనకి కోపమేం లేదు, మొహం కండరాలు కదలడం మానేశాయి. వెనక్కి ఒక అడుగు వెయ్యాలంటే పడిపోయేవాడు. ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లాం. పేరు చెప్పను, చెప్పి లాభం లేదు. పార్కిన్సన్స్ అన్నారు. మాత్రలు రాశారు. ఆ మాత్రలు పెద్దగా పని చెయ్యలేదు. నాలుగేళ్లలో ఆరుగురు డాక్టర్లని చూశాం. ఆ ఆరుగురిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, “మీరేం పని చేస్తారు?” అని ఆయన్ని అడగలేదు. నేనూ చెప్పలేదు. మాంగనీసు నాడీమండలాన్ని ఏం చేస్తుందో క్లాసులో బోర్డు మీద రాసి చెప్పిన మనిషిని, పక్క కుర్చీలో కూర్చున్న నా మేనమామ విషయంలో నాకు తట్టలేదు. ఆయన పోయాక తట్టింది.

ఇటలీలో బెర్నార్డినో రామజ్జినీ అని ఒక వైద్యుడుండేవాడు. 1700లో, అంటే మూడొందల ఏళ్ల కిందట, ఆయన తోటి వైద్యులకి ఒక మాట చెప్పాడు. రోగిని మామూలుగా అడిగే ప్రశ్నలకి ఇంకొక్కటి కలపండి, నీ వృత్తి ఏమిటి అని. మూడొందల ఏళ్లయింది. మనల్ని ఎవరైనా అడుగుతున్నారా? ఓపీ చీటీ మీద పేరు, వయసు, బరువు, బీపీ రాస్తారు. పని రాసే గడి ఉందా? ఇంటికెళ్లి పాత చీటీలు తీసి చూడండి.

అడిగి ఉంటే ఏం తేలేది? మీ చేతిలో ఉండే వెల్డింగ్ రాడ్డు తీసుకోండి. లోపల ఇనప కడ్డీ, పైన బూడిదరంగు పూత. ఆ పూతలో టైటానియం ఖనిజం ఉంటుంది, మాంగనీసు కలిసిన ఇనుము ఉంటుంది. అతుకు గట్టిగా రావడానికి మాంగనీసు కావాలి. రాడ్డు కాలినప్పుడు అది పొగలోకీ వస్తుంది. పార్కిన్సన్ అనే డాక్టరు తన పేరుతో పిలిచే ఆ జబ్బు గురించి రాసింది 1817లో. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1837లో, స్కాట్లాండులో కూపర్ అనే వైద్యుడు మాంగనీసు ఖనిజం నూరే కూలీల్ని చూశాడు. కాళ్లు పట్టు తప్పాయి, మాట తడబడుతోంది, మొహంలో కదలిక లేదు. పైకి పార్కిన్సన్స్ లాగే ఉంటుంది, కానీ దెబ్బ తగిలే చోటు మెదడులో కొంచెం వేరు. పార్కిన్సన్స్ మాత్రలకి ఇది సరిగ్గా లొంగకపోవడానికి కారణం అదే. వెనక్కి నడవలేకపోవడం కూడా దీని గుర్తుల్లో ఒకటి. మామయ్య జబ్బు నూటికి నూరుపాళ్లు పొగ వల్లే అని నేను కోర్టులో నిరూపించలేను. ఆ దిక్కుగా చూడాల్సిన రోజుల్లో ఎవరూ చూడలేదు, అది మాత్రం నాకు తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. లోహం లోహమే కదా, చిన్నదైతే ఏం, పెద్దదైతే ఏం? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. దీపావళికి కాకరపువ్వొత్తులు కాలుస్తాం కదమ్మా. ఇనప కడ్డీకి అగ్గిపుల్ల పెట్టి చూడండి, అంటుకుంటుందా? పెట్టె మొత్తం గీసినా అంటుకోదు. అదే ఇనుము సన్నని రజనుగా ఆ ఒత్తిలో ఉంటే చిటపటమని పూలు పూస్తుంది. ఇనుము మారలేదు. ముక్క చిన్నదైంది, గాలికి తగిలే పైభాగం పెరిగింది.

ఎంత పెరుగుతుందో లెక్క చెప్తాను, పిల్లలు రాసుకోండి. సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ఒక పాచిక. దాని ఆరు ముఖాలు కలిపితే ఆరు చదరపు సెంటీమీటర్లు, తపాలా బిళ్లంత. ఆ పాచికని నానోమీటరు సైజు పాచికలుగా కోశామనుకోండి. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు. మన వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. అలా కోస్తే ఆ చిన్న పాచికల ముఖాలన్నీ కలిపి ఎంత విస్తీర్ణం అవుతుంది? ఆరు వేల చదరపు మీటర్లు. ఎకరంన్నర! అరచేతిలో పట్టే లోహం ఎకరంన్నర పొలమవుతుంది. ఆ పొలమంతా ఒంట్లో రసాయన చర్యలు జరిగే చోటే.

బంగారం సంగతి చూడండి. తుప్పు పట్టదు, పంటికి పెట్టుకుంటాం, పసిపిల్లల చెవులకి పెడతాం. 2007లో జర్మనీ శాస్త్రవేత్తలు బంగారు నలుసుల్ని రకరకాల సైజుల్లో చేసి జీవకణాల మీద పరీక్షించారు. 15 నానోమీటర్ల బంగారం, అరవై రెట్లు ఎక్కువ పోసినా, ఏమీ చెయ్యలేదు. 1.4 నానోమీటర్ల బంగారం ఆ జీవకణాల్ని చంపేసింది. రెండూ బంగారమే! సైజుని బట్టే అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ 2011లో టైటానియం డయాక్సైడ్‌కి రెండు హద్దులు పెట్టింది. మామూలు పొడికి గాలిలో ఘనపు మీటరుకి 2.4 మిల్లీగ్రాములు. నానో పొడికి 0.3. ఒకే పదార్థానికి ఎనిమిది రెట్లు తేడా. మన దగ్గర పొడి అంటే పొడే, తూకం తప్ప సైజు ఎవరూ చూడరు.

మరి మన షెడ్డులో నానోకణాలు ఎక్కణ్నుంచి వస్తున్నాయి? అన్నం ఉడుకుతుంటే మూత తీసి చూడండి, లోపలి పక్క చుక్కలు కట్టి ఉంటాయి. నీళ్లు ఆవిరై, చల్లటి మూతకి తగిలి, చుక్కయ్యాయి. రాడ్డు కొస దగ్గర మంట కొన్ని వేల డిగ్రీలు. అక్కడ ఇనుము, మాంగనీసు కరగడమే కాదు, మరిగి ఆవిరవుతాయి. జానెడు పైకి వచ్చేసరికి గాలికి చల్లబడి చుక్కలు కడతాయి. ఆ చుక్కలే నానోకణాలు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే గుండ్రంగా, దండ గుచ్చినట్టు ఒకదానికొకటి అంటుకుని కనిపిస్తాయి. కట్టెల పొయ్యి పొగలా నల్లగా ఉండదు కాబట్టి మనం దాన్ని పొగ కింద లెక్కపెట్టం. గ్రైండింగ్ నుసి బరువుగా ఉంటుంది, చాలావరకు కింద పడుతుంది. ఇది పడదు. మా పెరట్లో ఎండ పొడలో తేలినదాంట్లో ఇదీ ఉండి ఉంటుంది.

ముక్కులో వాసన పసిగట్టే నరాల సంగతి విన్నారా? మన ఒళ్లంతా చర్మం కింద, ఎముక వెనక దాగిన నరాలే. ముక్కు పైభాగంలో మాత్రం మెదడుకి చెందిన నరాల కొసలు నేరుగా గాలికి తగులుతూ వేలాడుతుంటాయి. పూల వాసన, కూర వాసన మెదడుకి చేరేది ఆ దారినే. ఆ దారిన నానోకణాలు కూడా పోతాయా?

అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2006లో దీన్ని ఎలుకల మీద చూశారు. 30 నానోమీటర్ల మాంగనీసు ఆక్సైడ్ పొగలో ఎలుకల్ని పన్నెండు రోజులు ఉంచారు. మెదడులో వాసన తెలుసుకునే భాగంలో మాంగనీసు మూడున్నర రెట్లయింది. రక్తం ద్వారా వచ్చి ఉండొచ్చు కదా అని మనకి అనుమానం వస్తుంది. వాళ్లకీ వచ్చింది. కొన్ని ఎలుకలకి కుడి ముక్కురంధ్రం మూసేశారు. ఏమైంది? మాంగనీసు ఎడమ పక్కనే చేరింది. రక్తం దారిన వచ్చి ఉంటే రెండు పక్కలా రావాలి కదా! ముక్కు నుంచి నరం పట్టుకుని మెదడుకి వెళ్లిందన్నమాట. ఈ ప్రయోగం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ట్యాంకులో కూర్చున్న మనిషి ముప్పై రెండేళ్లు పీల్చిన గాలి నా కళ్ల ముందు తిరిగింది.

మనుషుల సంగతేమిటి? 2016లో ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధన వచ్చింది. మెక్సికో సిటీలో, మాంచెస్టర్‌లో చనిపోయిన 37 మంది మెదడు కణజాలం చూశారు. వాళ్లలో మూడేళ్ల బిడ్డ ఉంది, 92 ఏళ్ల ముసలివాళ్లున్నారు. ఆ మెదళ్లలో మాగ్నటైట్, అంటే అయస్కాంతానికి అంటుకునే ఇనుము ఆక్సైడ్, నానోకణాలుగా దొరికింది. ఒంట్లో సహజంగా పెరిగిన మాగ్నటైట్‌కి మూలలుంటాయి, స్ఫటికంలా. వీటిలో ఎక్కువ శాతం గుండ్రంగా ఉన్నాయి. గుండ్రంగా ఎప్పుడొస్తాయి? బాగా కాలి, కరిగి, చల్లబడినప్పుడు. బండి ఇంజను, బ్రేకు రాపిడి, ఫ్యాక్టరీ గొట్టం. మన రెడ్ హిల్స్ రోడ్డు మీద లారీల వెనక సైకిలు తొక్కేవాళ్లు గుర్తొస్తున్నారా? అయితే ఒక జాగ్రత్త. కణాలు దొరికాయి కాబట్టి మతిమరుపు జబ్బు వాటివల్లే అని ఎవరైనా తేల్చేస్తే ఒప్పుకోకండి. దొరకడం వేరు, కారణమని రుజువు కావడం వేరు.

లోపలికి వెళ్లాక అవి చేసే పని మాత్రం బాగానే తెలుసు. మన ఒంటి జీవకణాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దికొద్దిగా ఎప్పుడూ తయారవుతుంటుంది. పుండు కడిగేటప్పుడు నురుగొచ్చే మందు, అదే. ఇనుము దానికి తగిలితే చాలా దూకుడైన ఒక ముక్క పుడుతుంది. ఫెంటన్ అనే ఆయన ఈ చర్యని 1894లోనే రాశాడు. ఆ ముక్క పక్కనున్న కొవ్వుని, ప్రోటీన్‌ని, జన్యువుని, ఏది దొరికితే దాన్ని కొరుకుతుంది. నీళ్లు తీసేస్తే మెదడు బరువులో దాదాపు సగం కొవ్వే. మెదడులో చెత్త ఊడ్చే కణాలు కొన్ని ఉంటాయి, అవి వచ్చి లోహపు నలుసుని మింగుతాయి. మింగి అరిగించుకోలేవు. లోపల ఆమ్లంలో నలుసు కొంచెం కొంచెం కరుగుతూ ఉంటుంది, ఆ కణం మంటతో చుట్టుపక్కల వాటినీ చికాకుపెడుతూ ఉంటుంది. కంట్లో నలుసు పడితే ఎలా ఉంటుందో తెలుసు కదా, నీళ్లు కొట్టుకుంటే పోతుంది. మెదడులో పడితే ఏ నీళ్లు కొట్టుకుంటాం?

ఊపిరితిత్తుల దారి ఇంకొకటుంది. ఎడిన్‌బరా పరిశోధకులు 2017లో ఆరోగ్యంగా ఉన్న మనుషుల చేత హాని లేని బంగారు నానోకణాలు పీల్పించారు. ఒక్క రోజులో చాలామంది రక్తంలో బంగారం కనపడింది. మూడు నెలల తర్వాత కూడా మూత్రంలో వస్తూనే ఉంది. మెడలో రక్తనాళానికి ఆపరేషన్ చేయించుకోబోయే రోగుల చేత పీల్పిస్తే, నాళంలో కొవ్వు గడ్డకట్టిన చోటికే బంగారం వెళ్లి చేరింది. ఊపిరితిత్తి నుంచి మెడ దాకా ప్రయాణం! కాలేయం, ప్లీహం కూడా వీటిని చాలా పట్టుకుంటాయి.

జీఐ షీటు, జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్న ఇనుము, వెల్డింగ్ చేసిన రాత్రి చలిజ్వరం వచ్చినవాళ్లు చేతులెత్తండి. చూశారా, ఎన్ని చేతులో! నాలుగైదు గంటల తర్వాత మొదలవుతుంది, నోట్లో ఇనుము రుచి, వణుకు, ఒళ్లునొప్పులు, మలేరియా లాగే. మర్నాటికో, ఆ మర్నాటికో పోతుంది. అది జింకు పొగ. వరసగా పని చేస్తుంటే ఒళ్లు అలవాటు పడుతుంది, ఆదివారం సెలవు తీసుకుని వెళ్తే సోమవారం మళ్లీ వస్తుంది. అందుకే దాన్ని సోమవారం జ్వరం అనేవాళ్లు. పాలు తాగితే పోతుందని, బెల్లం ముక్క తింటే నుసి దిగిపోతుందని మీరంతా నమ్ముతారు. పాలు తాగండి, మంచిదే. కానీ పాలు వెళ్లేది కడుపులోకి, పొగ వెళ్లింది ఊపిరితిత్తుల్లోకి. పాల గ్లాసు ఇచ్చి ఫ్యాను పెట్టని యజమానిని మాత్రం ఒప్పుకోకండి.

వెండి, టైటానియం గురించి రెండు ముక్కలు. వెండి నీళ్లని సర్వరోగ నివారిణిలా అమ్ముతారు. ఏళ్ల తరబడి తాగితే ఒళ్లు నీలంగా మారుతుంది, ఆ రంగు మళ్లీ పోదు. తిండిని తెల్లగా చేసే టైటానియం డయాక్సైడ్, ఇ171 అంటారు, యూరప్ వాళ్లు 2022లో ఆహారంలో వద్దన్నారు. మందుబిళ్లల పూతలో మాత్రం వాళ్లూ ఉంచారు. వీటిని చూసి భయపడి మాత్రలు మానెయ్యకండి, ముఖ్యంగా బీపీ, షుగరు ఉన్నవాళ్లు. ఇంకో మాట, నానో అంటేనే చెడ్డదనుకోకండి. ఇక్కడికి గంట దూరంలో ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ ప్రదీప్ గారి బృందం వెండి నానోకణాలతో నీళ్లలో పురుగుమందుల్ని తీసేసే ఫిల్టరు చేసింది. అక్కడ కణాన్ని కదలకుండా వేరే పదార్థానికి కట్టేస్తారు. మీ షెడ్డులో అది విడిగా మీ ముక్కు ముందు తిరుగుతోంది, నా బాధ దాని గురించి.

ఏం చెయ్యాలి? పని మానెయ్యమని నేను చెప్పను, చెప్పే హక్కు నాకు లేదు. తల పొగ మీద పెట్టకండి. పొగ నిట్టనిలువుగా లేస్తుంది, మీ మొహం దాని పక్కకి ఉంటే చాలు, సగం తప్పించుకున్నట్టే. అద్దం మొహానికి అడ్డమే కానీ పొగ దాని కిందనుంచి వస్తుంది. గాలి పీల్చే గొట్టం రాడ్డు దగ్గర ఉండాలి, గోడ మీద ఎక్కడో ఫ్యాను తిరిగితే పొగ మీ ముక్కు మీదుగానే దానికి చేరుతుంది. ట్యాంకు లోపల ఒంటరిగా, గాలి లేకుండా ఎవరినీ దించకండి. కర్చీఫు కట్టుకుంటే పెద్దగా ఏమీ ఆగదు. ఎన్95 మాస్కు చాలావరకు ఆపుతుంది. ఇంత చిన్న కణాలు దూరిపోవా అని అడుగుతారు. చిత్రమేమిటంటే మరీ చిన్నవి తిన్నగా పోలేవు, తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతూ దారాలకి కొట్టుకుని అంటుకుంటాయి. మాస్కు బిగుతుగా ఉండాలి, గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది. షెడ్డు చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. చొక్కా అక్కడే మార్చుకుని రండి, ఇంట్లో విడిగా తడిపి ఉతకండి, విదిలించొద్దు. అమ్మా, ఈ మాట మీకు. ఇంకొకటి, రక్తహీనత ఉన్న ఒళ్లు ఇనుము కోసం ఆకలిగా ఉంటుంది, ఇనుమూ మాంగనీసూ లోపలికి వచ్చే ద్వారం ఒకటే, కాబట్టి మాంగనీసుని కూడా ఎక్కువ లాక్కుంటుంది. షెడ్డులో పని చేసేవాళ్లు, వాళ్ల ఇంట్లో ఆడవాళ్లు హిమోగ్లోబిన్ చూపించుకోండి.

చట్టం ఏం చెప్తోంది? 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో, ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల్లో మాంగనీసు విషం ఉండేది; దాని చోట వచ్చిన కొత్త కోడ్‌లోనూ ఉంది. అలాంటి రోగిని చూసిన డాక్టరు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకి రాయాలని పాత చట్టం 89వ సెక్షను చెప్పేది. ఈఎస్ఐ చట్టంలో వృత్తి జబ్బుల జాబితాలోనూ మాంగనీసు ఉండేది, 2025లో దాని చోట వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది, అంటే పరిహారానికి దారి ఉంది. అమెరికా నిపుణుల సంఘం 2013 నుంచి, ఊపిరితిత్తుల లోపలికి పోయే మాంగనీసు ఘనపు మీటరు గాలిలో 0.02 మిల్లీగ్రాము దాటొద్దంటోంది. సన్న ఉప్పు రేణువు ఒక్కటి అంతకన్నా బరువుంటుంది. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. డాక్టరు పని ఏమిటని అడగకపోతే అతను ఏం రాస్తాడు, ఎవరికి రాస్తాడు? నలుగురు, అయిదుగురు పని చేసే చిన్న షెడ్డుల దాకా ఇన్‌స్పెక్టరు రానే రాడు.

అందుకని డాక్టరు అడిగేదాకా ఆగకండి, మీరే చెప్పండి. ఆ బల్ల మీద కాగితాలు పెట్టాను. ఏం పని, ఎన్నేళ్లుగా, ఏ రాడ్డు వాడతారు, జీఐ ఉందా, షెడ్డు తెరిచి ఉంటుందా మూసి ఉంటుందా, చెయ్యి వణుకుతోందా, వాసన తెలియడం తగ్గిందా. అంతే. తెలుగులో ఒక పక్క, తమిళంలో ఒక పక్క అచ్చు వేయించాం. ఏ జబ్బుకి వెళ్లినా, దగ్గుకి వెళ్లినా, ఆ కాగితం ఓపీ చీటీతో కలిపి డాక్టరు చేతికివ్వండి. రాయడం ఇబ్బందైతే నా దగ్గరికి రండి, నేను రాసిస్తాను, రాత్రి ఎంతసేపైనా ఇక్కడే ఉంటాను. ఆ చివర నీలం చొక్కా తమ్ముడూ, ముందు నువ్వు రా. రాడ్డు పట్టి ఎన్నేళ్లయింది నాన్నా?